గుంపెన మొద్దు, మద్ది మొద్దు

కట్టెను తొలిచే పురుగు కట్టెనే తింటుందని అందరూ అనుకుంటారు. అన్ని పురుగులూ తినవు. ఈ ఒక్క ముక్క చెప్పబోయి నేను ఈ జన్మలో ఎంతమందితో గొడవపడ్డానో నాకే గుర్తులేదు. నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. మా ఆవిడ బతికున్న రోజుల్లో, "మీరు పురుగుల తరపున వకీలుగా పుట్టాల్సినోరు" అని నవ్వేది.

నువ్వుగింజంత ఉండే పురుగు ఒకటుంది. అప్పుడే కొట్టిన పచ్చిమొద్దు వాసన పట్టుకుని వస్తుంది. సూదితో పొడిచినట్టు సన్నటి బెజ్జం చేసుకుని లోపలికి పోతుంది. తొలిచిన కట్టెనంతా తెల్లటి పిండిగా బయటికి నెట్టేస్తుందే తప్ప మింగదు. తనతోపాటు ఎక్కడినుంచో కాస్త బూజు మోసుకొస్తుంది. ఆ బూజును సొరంగం గోడలకు నాటుతుంది, వేరే బూజులు పడకుండా కలుపు తీస్తుంది, పిల్లలకు అదే తిండి పెడుతుంది. ఒక్కమాటలో చెప్పాలంటే సేద్యం. పిల్లలు ఎదిగి వెళ్లిపోయేటప్పుడు అవీ కొంచెం బూజు వెంట తీసుకుపోతాయి. దాన్ని ఒంట్లో ఏ మూల దాచుకుంటాయో అప్పటికి మాకెవరికీ సరిగ్గా తెలియదు.

అప్పటికి అంటే ఇంగ్లీషువాళ్ల కాలం. మా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. చదువుకైనా కోర్టుకైనా పెద్ద పట్నమంటే మద్రాసే. నేను అక్కడ ఒక కాలేజీలో మొక్కల శాస్త్రం చెప్పే శాఖలో చిన్న ఉద్యోగిని. గాజుగొట్టాల్లో బూజులు పెంచడం నా పని. గుంపెన చెట్టును తొలిచే పురుగు ఒకటి, నల్లమద్దిని తొలిచే పురుగు ఇంకొకటి. రెండూ వేరువేరు పురుగులు. వాటి బూజులు మాత్రం గొట్టంలో అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉండేవి. అదే ముత్యాల్లాంటి తెల్లటి గింజలు, అదే పులిసిన వాసన, కింద అదే నల్లటి మరక.

"ఇవి రెండూ ఒక తల్లి పిల్లలు. ఒక బూజే రెండు కొమ్మలుగా చీలింది" అన్నాడు మా ప్రొఫెసరు. నాకెందుకో అలా అనిపించలేదు. ఎక్కడో పుట్టిన రెండు బూజులు విడివిడిగా పురుగుల కొలువులో చేరి, ఒకే రకం బతుకు బతికి, ఒకే పోలికకు వచ్చాయని నా మనసుకు తోచింది. తోస్తే చాలదు కదా, రుజువు కావాలి. ఏ బూజు వంశమైనా అది కాయ కాసినప్పుడే, అంటే బీజాలు వేసినప్పుడే, బయటపడుతుంది. పురుగు మేపుకున్నంత కాలం ఈ బూజులు కాయ కాయవు. పిల్లలన్నీ ఎగిరిపోయి సొరంగం పాడుపడ్డాకే కాస్తాయని నా అంచనా. గొట్టంలో ఎన్ని వేషాలు వేసినా కాయలేదు. అసలు మొద్దు దగ్గరే కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి.

ప్రొఫెసరు జీతం లేని సెలవు ఇచ్చాడు. "ఈ వానాకాలం నీది. కాయ చూపిస్తే నీ మాట ఒప్పుకుంటాను. చూపించలేకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తాను, నువ్వు గొట్టాలు కడుక్కుంటూ ఉండు" అన్నాడు. చెడ్డవాడేమీ కాదు, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. భార్య పోయాక నాకు మిగిలిన పని అదొక్కటే. అదీ పోతే పొద్దున్నే లేవడానికి కారణమేమిటో నాకు తెలియదు.

పచ్చి మొద్దులు దొరకాలి, పక్కన అడవి ఉండాలి. అలాంటి చోటు నాకు తెలిసింది ఒక్కటే, మా ఆవిడ పుట్టిన ఊరు. రాచర్ల దగ్గర మెట్టపొలాల పల్లె. ఆమె రెండేళ్ల క్రితం మద్రాసులో జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. నా తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు కాబట్టి నాకంటూ వేరే ఊరూ లేదు. పెళ్లినాడు మామ మాకు తన ఇంటి వెనక కొంత జాగా ఇచ్చాడు. ఆమె ముచ్చటపడి అక్కడ పునాది రాళ్లు వేయించుకుంది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ రాళ్లమీద నిలబడి, ఇది వంటిల్లు, ఇది మీ పురుగుల గది అని చూపించేది. గోడలు లేవలేదు.

మామ ఒంటరి మనిషి. అత్త ముందే పోయింది, ఉన్న ఒక్క కూతురూ పోయింది. నేను పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, "దా" అన్నాడు. అంతే. ఆ ఊళ్లో అందరూ అందరినీ వరస పెట్టే పిలుస్తారు. ముక్కూమొగం తెలియని బేరగాడు కూడా ఊళ్లో అడుగుపెట్టాక అన్నో బావో అయిపోతాడు. నన్ను ఊరంతా అల్లుడా అనేది. మామ మాత్రం ఏమనీ పిలవలేదు. "నీళ్లు కాగినాయి", "తలుపు తీసి ఉండాది" అని గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. కూతురు పోయాక నేను ఆయనకేమవుతాను? ఆ ప్రశ్న ఇద్దరికీ ఉంది, ఇద్దరమూ అడగలేదు.

సర్కారు వేలం వేసే అడవి కూపులో కొట్టిన గుంపెన మొద్దులు, నల్లమద్ది మొద్దులు బండిమీద తెప్పించి, ఆ పునాదిమీదే వరసగా పెట్టించాను. నీడ ఉంది, మట్టి అంటదు. పైన చిన్న పందిరి వేయించాను. పురుగులు వచ్చి చేరేదాకా ఆగి, ఆ తర్వాత పిల్ల పురుగులు ఎగిరిపోకుండా మొద్దులకు పలచటి తెల్లబట్ట చుట్టి కట్టాను. దాంతో ఊరికి మంచి కాలక్షేపం దొరికింది. పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. మా ఆవిడను ఎత్తుకు పెంచిన మనిషి, నోరు మహా గట్టిది.

"ఏంది అల్లుడా, మొద్దులకు పంచెలు కట్టినావు? పెండ్లి చేస్తావా ఏంది వాటికి?" అంది.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వి ఊరుకుంటే పోయేది. మర్యాదగా అంతా విడమరిచి చెప్పాను. పురుగు, బూజు, సేద్యం, వంశం, ఏదీ వదల్లేదు. విన్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"పురుగు సేద్యం చేస్తాదా! మా వాళ్లకు రాదే ఆ బుద్ధి" అన్నాడొక పెద్దాయన, కొడుకువైపు చూస్తూ. మళ్లీ నవ్వులు.

"మరి సిస్తు ఎవరికి కడతాదో" అన్నారింకెవరో.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీకు చెప్పడం నాదే బుద్ధితక్కువ" అని విసురుగా లోపలికొచ్చాను. ఆ తర్వాత ఎవరడిగినా ఉలకలేదు, పలకలేదు. వాళ్లూ అడగడం మానేశారు.

ఇక ఆ వానాకాలమంతా నేనూ నా మొద్దులూ. పొద్దున్నే బట్ట విప్పి, బెజ్జాల దగ్గర రాలిన పిండి చూసి, దులిపి, మళ్లీ కట్టేవాణ్ణి. పొలాలకు పోయేవాళ్లు దారిలో నన్ను చూసి తల ఊపేవారు. నేనూ ఊపేవాణ్ణి. మధ్యాహ్నం ఊరంతా పొలాల్లో ఉంటే, పునాదిమీద కూర్చున్న నాకు ఈగ మోత తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆమె వంటిల్లని చూపించిన చోట గుంపెన మొద్దులు, పురుగుల గది అన్న చోట మద్ది మొద్దులు. గదంటూ కట్టకపోయినా పురుగులైతే వచ్చాయని ఒకరోజు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. పక్కన చెప్పుకోవడానికి మనిషి లేదు.

మామ జొన్న సంగటి కెలికి, ఊరిమిండి పచ్చడి నూరి పెట్టేవాడు. ఇద్దరం చెరో గోడకు ఆనుకుని కూర్చుని తినేవాళ్లం. ఆయనలాగే నేనూ గుమ్మంలోకి వచ్చేముందు దగ్గడం మొదలుపెట్టాను. ఆయనలాగే తువ్వాలు ఎడమ భుజంమీద వేసుకోవడం అలవాటైంది. నాకు తెలియనే లేదు. అవ్వే కనిపెట్టింది.

"మామా అల్లుడూ ఒకటే మాదిరి తయారైనారు. ఇద్దరూ మూతి ముడుచుకొని, గూట్లో గుడ్లగూబల లెక్క" అంది.

కోపమొచ్చింది.

వానలు తగ్గుముఖం పట్టేసరికి పిల్ల పురుగులు బయటికి రావడం మొదలైంది. రోజూ బట్టలో దొరికినవి దొరికినట్టు గొట్టాల్లో వేస్తున్నాను. ఇంకొన్నాళ్లు ఆగితే సొరంగాలు ఖాళీ అవుతాయి, బూజులు కాయ కాస్తాయి, నేను మద్రాసు రైలెక్కవచ్చు. ఇంతలో వాటిని పాడవకుండా ఉంచే స్పిరిటు నా దగ్గర అయిపోయింది. రైలు పార్సిల్లో తెప్పించుకున్న డబ్బా గిద్దలూరు స్టేషన్లో ఉందని తెలిసి, పొద్దున్నే బయల్దేరి వెళ్లాను. అంతకుముందు ఆ పొద్దే మొద్దుల బట్టలన్నీ విప్పి ఉతికి ఆరేశాను. పురుగులు పోయినన్ని పోయాయి, ఇక బట్టెందుకు అనుకున్నాను. మొద్దులు ఉత్తగా ఉన్నాయి. వాటి కింద తెల్లటి పిండి కుప్పలు కుప్పలుగా పడి ఉంది.

సాయంత్రం డబ్బా చంకన పెట్టుకుని తిరిగొచ్చేసరికి పునాది బోసిగా ఉంది. ఒక్క మొద్దు లేదు.

 దొంగలనుకున్నాను. కానీ నేలమీద ఈడ్చిన గాట్లు వీధిలోంచి నేరుగా ఊరి బయటి కుంట వైపు పోతున్నాయి. దొంగలు అంత బాహాటంగా పోరు కదా. పరిగెత్తాను.

కుంట గట్టుమీద సగం ఊరుంది. మగవాళ్లు నడుం దాకా తడిసి, పంచెలు పిండుకుంటున్నారు. ఆడవాళ్లు ఉడకబెట్టిన శెనక్కాయలు పంచుతున్నారు. నన్ను చూడగానే అందరి మొహాలూ వెలిగిపోయాయి.

"వచ్చినాడు వచ్చినాడు! అల్లుడా, గండం గడిచింది పో. ఇంకొన్నాళ్లు చూసుకోకపోతే పిండి పిండి అయిపోయేటివి నీ దూలాలు" అన్నాడు ఆ పెద్దాయన.

అప్పుడర్థమైంది నాకు. ఆ వైపు ఒక పద్ధతి ఉంది, మా ఆవిడ ఎప్పుడో చెప్పినా నాకు గుర్తులేదు. ఎవరి ఇంటి దూలం కిందైనా, ఎవరి నాగలి మాను కిందైనా పుచ్చు పిండి రాలితే, ఇది ఎవరిదని అడగరు, ఇంటివాడు ఊళ్లో లేడని ఆగరు. నిప్పంటుకుంటే ఎట్లా పరిగెత్తి వస్తారో అట్లా వచ్చి, పుచ్చిన మొనలు రంపంతో కోసేసి, కట్టెను కుంటలో ముంచి పైన రాళ్లు పెడతారు. ఎండాకాలం దాకా నానితే ఇక పురుగు పట్టదని నమ్మకం. ఆ పని అయ్యాక ఇంటివాడు వచ్చి చేయి వేసిన వాళ్లందరికీ బెల్లం పంచాలి. వాళ్లంతా గట్టుమీద కూర్చున్నది అందుకే. నా బెల్లం కోసం.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరు చెప్పారయ్యా మీకు! ఎవరు ముట్టుకోమన్నారు! ఆ పురుగు ఎండిన కట్టెలో ఉండనే ఉండదు. అవి దూలాలు కావు, నా బతుకు! మొత్తం నీళ్లపాలు చేశారు కదరా!" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. పెద్దవాళ్లున్నారు, ఆడవాళ్లున్నారు, ఏదీ చూడలేదు.

 శెనక్కాయ పొట్టు చేతిలోనే పెట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. మామ వాళ్ల మధ్యలోనే ఉన్నాడు, తడిసి ముద్దై. ఆయన నావైపు చూడకుండా గట్టు దిగి, దుకాణానికి పోయి బెల్లం అచ్చు పట్టుకొచ్చాడు. దాన్ని రాయితో పగలగొట్టి, ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు. వాళ్లు కళ్లకద్దుకుని తీసుకుని ఇళ్లకు పోయారు. చివరి ముక్క పట్టుకుని ఆయన నా ముందు కాసేపు ఆగాడు. నేను చెయ్యి చాపలేదు. ఆ ముక్కను గట్టుమీద రాయిపై పెట్టి ఆయనా పోయాడు.

మర్నాడు పొద్దున్నే కుంటలో దిగాను. పచ్చి మొద్దులు, పైన రాళ్లు, ఒక్కణ్ణే కదిలించలేకపోయాను. మునిగి, కత్తితో చెక్కి కొన్ని పేళ్లు పైకి తెచ్చాను. సొరంగాల్లో బురద జిగురు తప్ప ఏమీ లేదు. గట్టుమీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. అవ్వ కడవతో వచ్చింది. ఈసారి ఎగతాళి చేయలేదు.

"మాకేం తెలుసు నాయనా" అంది. "పాప వేసిన పునాదిమీద దూలాలు దించినావు, పందిరి వేసినావు. ఇల్లు కట్టుకొని ఈడనే ఉండిపోతావనుకున్నాం. మీ మామ గూడ అట్లనే అనుకున్నాడు. పుచ్చు పిండి చూసి ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని పిలిచింది ఆయనే. ఆ మనిషి ఒకరింటి గడప తొక్కి రెండేండ్లయింది."

 నేనెవరికీ ఏమీ కానని ఇంతకాలం కుమిలిపోయాను. నా ఇంటి దూలాలు పుచ్చిపోతాయేమోనని ఊరు ఊరంతా నీళ్లలో దూకింది. అయినా నా మొద్దులు పోయాయి, ఆ బాధ మాత్రం తగ్గలేదు. రెండూ నిజమే.

సెలవు అయిపోవచ్చింది. మామతో మాటల్లేవు, అంతకుముందూ లేవు కాబట్టి పెద్ద తేడా తెలియలేదు. ఒకరోజు పొద్దున పెట్టె సర్దుకుంటున్నాను. వంటింట్లో మామ పొయ్యి రాజేస్తూ దగ్గాడు. పచ్చి కట్టె పొగ. అటు చూశాను. ఆయన పొయ్యిలోకి తోస్తున్నది గుంపెన ముక్క. పక్కన చిన్న కుప్ప. అన్నిటి మొనల్లోనూ సూదిబెజ్జాలు.

కుంటలో వేసేముందు రంపంతో కోసిన పుచ్చు మొనలవి. వంటచెరకు కోసం తెచ్చి, వసారాలో చెమ్మలో పడేసి ఉంచాడు.

ఒక్క అంగలో పోయి మండుతున్న ముక్కను లాగేశాను. చెయ్యి కాలింది. మామ బిత్తరపోయి చూస్తున్నాడు. కుప్పంతా వాకిట్లో వెలుతుర్లోకి మోసుకొచ్చి, చాకుతో చీల్చి, భూతద్దం పెట్టి చూశాను. మొద్దు కొసల్లో సొరంగాలు అన్నిటికంటే ముందు ఖాళీ అవుతాయి. ఆ చెమ్మలో అవి కాయ కాసేశాయి. గుంపెనలో నల్లటి సన్నని వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, ఒక్కోదాని కొనమీద ఒక జిగురు బొట్టు. మద్దిలో అలాంటివేమీ లేవు. అక్కడ దిండు లాంటి చిన్నచిన్న గుట్టలు, వాటిమీద పూసలు గుచ్చినట్టు గొలుసులు. అటు చూశాను, ఇటు చూశాను, మళ్లీ చూశాను. ఆ రెండు కాపులకూ ఎక్కడా పొంతన లేదు.

"ఏంది అది?" అన్నాడు మామ. ఆ వానాకాలంలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

భూతద్దం ఆయన చేతికిచ్చాను. ఏది ఎట్లా చూడాలో చూపించి, కోపం లేకుండా మొదటినుంచీ చెప్పాను. ఆయన ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"అయితే ఇయి రెండూ ఒక తల్లి బిడ్డలు కావు."

"కావు మామా."

"మరి ఒకటే మాదిరి ఉండేవంటివే?"

"పురుగు చేతికింద అట్ల ఉండినాయి. ఒకటే చీకటి, ఒకటే పని. అట్ల బతికి బతికి పోలిక వచ్చింది. పుట్టుక వేరే." ఆయనతో మాట్లాడుతుంటే నాకూ ఆయన యాసే వచ్చేసింది.

"పురుగు పోయినాక గాని తెలీలేదన్నమాట, ఏది ఏందో."

"ఆ."

ఆయన భూతద్దం నా చేతికిచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పాప పోయినాక నువ్వు నాకేమవుతావో తెలీలేదు. ఏమని పిలవాల్నో తెలీక పిలవలా" అన్నాడు. లేచి లోపలికి పోయాడు.

ఆ పేళ్లు మద్రాసు తీసుకెళ్లాను. ప్రొఫెసరు చూశాడు. మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు బహు కష్టమైంది గానీ తీసుకున్నాడు. మొద్దులను ఎండాకాలంలో ఊరివాళ్లే పైకి తీసి చెక్కారు. ఆ పునాదిమీదే లేచి, ఇప్పుడు నేను ఇది రాస్తున్న గదికి అవే దూలాలు, మద్దివీ గుంపెనవీ పక్కపక్కనే. పైకి చూస్తే నల్లటి అంచు ఉన్న సూదిబెజ్జాలు కనిపిస్తాయి. మళ్లీ పురుగు పట్టలేదు. నానబెట్టినందుకేనని ఊళ్లో అందరూ అంటారు. నేను వాదించడం మానేశాను.

ఆ పొద్దు మాత్రం వాకిట్లో కాలిన వేళ్లు నోట్లో పెట్టుకుని, ఆ పేళ్ల ముందు అట్లాగే కూర్చుండిపోయాను. లోపల సంగటి కెలికే తెడ్డు చప్పుడు ఆగింది. రెండు కంచాలు నేలమీద పెట్టిన చప్పుడైంది. ఆయన ఒకసారి దగ్గాడు.

"అల్లుడా, బువ్వకు రా. సల్లారిపోతాంది" అన్నాడు.